మాండొలిన్ వంతు

పాటలు పంపింది కూతురు జాయ్స్. భీమవరంలో ఓ ఆస్పత్రిలో నర్సు, ఆర్నెల్ల పాపతో ఇంకా సెలవులోనే ఉంది. "నాన్నా, మన రిచర్డ్ అన్న పాత పాటలు బయటికొచ్చాయి. రాక్ స్టార్ అవ్వకముందు మీ దోహాలో పాడినవంట. మాండొలిన్ విను, ప్రాణం లేచొస్తుంది" అని మెసేజ్ పెట్టి, కింద లింకు అతికించింది.

ఆ మాండొలిన్ వాయించింది జక్కయ్యే. ఆ సంగతి ఈ భూమ్మీద ఇప్పుడు ఇద్దరికే తెలుసు. ఒకడు జక్కయ్య, రెండోవాడు రిచర్డ్. మూడో మనిషి క్లైడ్ అనే అమెరికా ఇంజినీరు, నిరుడు తన ఊళ్ళో చనిపోయాడు.

2022 సెప్టెంబరు మొదటివారం. ఎండలకి మధ్యాహ్నం పూట బయటి పని ఆపేసే రోజులింకా అయిపోలేదు. సైట్ మూలనున్న ఇనప కంటైనరే టూల్ రూమ్, అందులో కూర్చుని పనిముట్లు ఇచ్చి పుచ్చుకోవడమే జక్కయ్య డ్యూటీ. ఏసీ కోసం వచ్చి చాపమీద నడుం వాల్చిన రాజనర్సు జగిత్యాల వైపు మనిషి, ఇనుము కట్టే పని. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే గది.

జక్కయ్య లింకు తెరిచాడు. గడ్డం పెంచి, ఎటో చూస్తున్న రిచర్డ్ బొమ్మ. "ఐన్ ఖాలిద్ శుక్రవారాలు: రిచర్డ్ తొలినాటి బ్లూగ్రాస్ రికార్డింగులు" అని పెద్దక్షరాలు. ఆ కింద చిన్నవి: "గానం, గిటార్, మాండొలిన్: రిచర్డ్. బాంజో: క్లైడ్."

ఆ వరుస రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబుద్ధి కాలేదు.

మొదట క్లైడ్ లెక్కపెట్టాడు, వన్, టూ అని. తర్వాత రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు బాంజో. దాని వెనక గిటార్, కాస్త తడబడుతూ. ఆ తడబాటుకి ఆసరా ఇస్తూ టక్కు టక్కుమని మాండొలిన్ తాళం. ఆ పైన ఇరవై రెండేళ్ళ రిచర్డ్ గొంతు. ఇప్పుడు స్టేజీల మీద అరిచి అరిచి బొంగురు తెచ్చుకున్నాడు గానీ, అప్పుడు లేత కొబ్బరి నీళ్ళలా ఉండేది. రైలు, కొండ, అమ్మ అంటూ ఏదో అమెరికా పల్లెపాట ఎత్తుకున్నాడు.

రెండో చరణం దాటాక మాండొలిన్ ముందుకొచ్చింది. జక్కయ్య ఎడమ చెయ్యి దానంతటది లేచింది. ఆ చేతికి మధ్యవేలూ ఉంగరంవేలూ లేవు. 2016లో స్టేడియం షట్టరింగ్ పనిలో బల్లరంపం పట్టుకుపోయింది. కార్పెంటర్ ఫోర్‌మన్ కాస్తా ఆ రోజుతో టూల్ రూమ్ మనిషి అయ్యాడు. చూస్తే ఏడుపొస్తోందని మాండొలిన్‌ని ఎవరికో ఇచ్చేశాడు. కానీ లేని వేళ్ళకి కూడా ఏ తీగ ఎక్కడ నొక్కాలో గుర్తుంది. పాటలు ఆరు. జక్కయ్య చెయ్యి ఈ లోకంలో పూర్తిగా మిగిలి ఉన్నది ఆ ఆరు పాటల్లోనే. దాని మీద ఇంకొకడి పేరు.

"ఏందే జక్కన్నా, గట్ల మొకం పెట్టినవ్? ఎవలన్న సచ్చిండ్రా?" అన్నాడు రాజనర్సు.

"ఎవరూ చావలేదు. ఇది నేను వాయించిందిరా."

రాజనర్సు లేచి కూర్చున్నాడు. "నువ్వా? శుక్రారం శుక్రారం పెట్టె పట్టుకొని పోయేది గిందుకేనా? డోర్ రిపేర్, డోర్ రిపేర్ అంటివి గదనే! పదకొండు నెలలు పోయినవ్. గా దొర ఇంట్ల గన్ని తలుపులెక్కడియని నాకప్పుడే అనుమానం."

"నీకు చెబితే క్యాంపంతా తెలిసిపోయేది."

"తెలిస్తెనే మంచిగుంటుండె. గిప్పుడు సాక్ష్యం చెప్పెటోడు ఒక్కడన్న ఉంటుండె."

ఆ మాట జక్కయ్యకి సూటిగా తగిలింది.

జరిగిందేమిటంటే, 2013లో రిచర్డ్ ఇదే కంపెనీలో టైమ్ కీపర్. పాలకొల్లు కుర్రాడు. చర్చిలో గిటార్ పట్టుకుని ఇంటి మీద బెంగతో పాడుతుంటే, రాజోలు దగ్గరి వాడైన జక్కయ్య మాండొలిన్‌తో పక్కన చేరాడు. రిచర్డ్‌కి బాబాయ్ అయిపోయాడు. ఆ ఏడు కంపెనీ విందులో రిచర్డ్ పాట విని, షట్టరింగ్ తనిఖీకి వచ్చే క్లైడ్ ఆ కుర్రాణ్ణి ఐన్ ఖాలిద్‌లోని తన విల్లాకి పిలిచాడు. వాడు బాబాయ్‌ని కూడా తీసుకుపోతానన్నాడు.

పిలుపు బాగానే ఉంది గానీ ఆ విల్లాలున్న కాంపౌండులోకి క్యాంపు మనుషుల్ని రానివ్వరు. అక్కడుండేవన్నీ కుటుంబాలు. పని మీద వచ్చినవాడైతే సరే. అందుకని జక్కయ్య ప్లైవుడ్‌తో పొడుగాటి పెట్టె చేశాడు. పై అరలో రంపం, సుత్తి, ఉలి. కింది అరలో దుప్పటి చుట్టిన మాండొలిన్. గేటు దగ్గర రిజిస్టరులో రిచర్డ్ సంతకం పెట్టేవాడు, "డోర్ రిపేర్, ఒక మనిషి" అని. ఆ ఒక మనిషికి పేరు లేదు.

లోపల క్లైడ్ నేర్పిందే బ్లూగ్రాస్. డప్పూ ఉండదు, డోలూ ఉండదు. తీగలే తాళం కూడా వేసుకోవాలి. అన్నిటికన్నా జక్కయ్యకి నచ్చింది అందులోని మర్యాద. ఒక్కొక్కరికీ వంతు ఉంటుంది. వంతు వచ్చినవాడు ముందుకొస్తాడు, మిగతావాళ్ళు చేతులు తగ్గించి దారిస్తారు. రోజంతా అరబ్బీ ఫోర్‌మన్ల చేత, లెబనాన్ ఇంజినీర్ల చేత యల్లా యల్లా, కదులు కదులు అనిపించుకునే మనిషికి, అమెరికా దొర తల వంచి "ఇప్పుడు నువ్వు" అని సైగ చేస్తే ఎలా ఉంటుంది? జక్కయ్య ఆ సైగ కోసం వారమంతా బతికేవాడు. చర్చిలో నెమ్మదిగా కీర్తనలు వాయించిన చెయ్యి, ఆరు నెలల్లో గుర్రమెక్కింది.

దేశం వదిలిపోయే ముందు క్లైడ్ చిన్న రికార్డరు పెట్టి ఆరు పాటలు పట్టాడు. డిస్కు కవరు మీద పేర్లు రాస్తూ అడిగితే జక్కయ్య చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ కాగితం ఎవరి చేతుల్లోనైనా పడితే? డోర్ రిపేర్ అని దొంగచాటుగా కాంపౌండులో దూరిన కార్పెంటర్‌ని కంపెనీ మర్నాడే విమానం ఎక్కిస్తుంది. "నా పేరొద్దు సార్, రిచర్డ్ పేరే రాసెయ్యండి" అన్నాడు. క్లైడ్ ఒప్పుకోలేదు. రిచర్డ్ కూడా "అదేంటి బాబాయ్, అన్యాయం కదా" అన్నాడు. అప్పుడు జక్కయ్య, భయపడ్డానని చెప్పుకోలేక, "పేరుదేముంది బాబూ, మహిమంతా దేవుడిది" అని పెద్దమనిషిలా నవ్వాడు. చేసింది పిరికి పని, దానికి తొడిగింది భక్తి చొక్కా. తన పేరుని తన నోటితోనే కొట్టేసుకున్నాడు.

అందుకే టూల్ రూమ్‌లో మొదటి రెండు పాటలూ వింటున్నంతసేపు జక్కయ్య రిచర్డ్‌ని తిట్టుకోలేదు. పాపం కవరు మీద ఏముందో అదే వేసుంటారు అనుకున్నాడు. మూడో పాట వచ్చేదాకా.

మూడో దానికి మాటల్లేవు, వట్టి వాయిద్యం. ఆ రోజు చివర్లో రిచర్డ్ తొందరపడి ముందే ఆపేస్తే, జక్కయ్య నవ్వుతూ "ఒరే రిచర్డూ, నా వంతు అవ్వనివ్వరా, మళ్ళీ పట్టుకుందాం" అన్నాడు. రికార్డరు ఆడుతూనే ఉంది. క్లైడ్‌కి అర్థం తెలియకపోయినా ఆ మాట భలే నచ్చి, ఉన్నన్నాళ్ళూ తన అమెరికా యాసలో దాన్నే అని నవ్వించేవాడు. జక్కయ్య ఫోను చెవికి ఆనించుకున్నాడు. పాట అయిపోయింది. ఆఖరి తీగ మోగుతోంది. ఇప్పుడొస్తుంది తన గొంతు.

రాలేదు. తీగ మోత ఆరకుండానే కత్తిరించేశారు. నాలుగో పాట మొదలైంది.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. ఇంకోసారి విన్నాడు. ఆ గొంతు ఎవరిదో తెలిసినవాడే కత్తెర పట్టాడు. అప్పుడు మండింది జక్కయ్యకి. పేరు తను వదులుకున్నాడు, సరే. గొంతుని మాత్రం వదల్లేదు కదా!

సాయంత్రం డ్యూటీ దిగగానే జాయ్స్‌కి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ మాండొలిన్ నాదేనే."

"నువ్వు వాయించేవాడివి నాన్నా, నాకు గుర్తే. మన మందిరంలో నెమ్మదిగా, టింగు టింగుమని. ఇది ఆ వాయింపు కాదు కదా. కింద అన్న పేరే ఉంది."

"ఆ పేరు నేనే రాయమన్నాను."

"నీ వాయింపుకి వేరేవాళ్ళ పేరు నువ్వే రాయమన్నావా?"

"అవునమ్మా."

"అలాగే నాన్నా," అంది జాయ్స్. "అలాగే. అన్నం తిన్నావా?"

జ్వరం తలకెక్కిన పేషెంట్లతో నర్సులు మాట్లాడే మెత్తటి గొంతు అది. ఛీ, అబద్ధాలాడకు అని కసిరినా బాగుండేది. పద్నాలుగేళ్ళ క్రితం, ఆ పిల్లకి పన్నెండేళ్ళప్పుడు విమానమెక్కాడు జక్కయ్య. నాన్న అంటే ఫోన్‌లో గొంతు, నెలకోసారి వచ్చే డబ్బు, రంపం కోసేసిన చెయ్యి. అంతకు మించి ఏదో ఒకటి ఆ పిల్ల దగ్గర తనది ఉండాలి. ఆ ఒక్కటీ ఇదే, దీన్ని నమ్మించగలిగినవాడు రిచర్డ్ ఒక్కడే.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు దగ్గరపడేకొద్దీ ఊరు పెళ్ళిపందిరిలా తయారవుతోంది. జెండాలు, దీపాలు, రోజులు లెక్కపెట్టే గడియారం. కట్టినవాళ్ళని మాత్రం కంపెనీ జట్లు జట్లుగా లీవు మీద పంపేస్తోంది. "సుట్టాలొచ్చే యాల్లకు సీపురుకట్టను తలుపెనకకు నూకుతరు సూడు, గట్ల నూకుతున్నరు మనల్ని" అన్నాడు రాజనర్సు. వాడి పేరూ జక్కయ్య పేరూ జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి. జక్కయ్య టికెట్ అక్టోబరు ఇరవై. మళ్ళీ పిలుస్తామన్నారు గానీ, యాభై ఆరేళ్ళ మూడువేళ్ళవాణ్ణి ఎవరు పిలుస్తారు?

అక్టోబరు పద్నాలుగు శుక్రవారం రిచర్డ్ దోహాలో ఉన్నాడు. కప్పు రోజుల్లో వాడి బ్యాండుకి ఇక్కడ స్టేజీ ప్రోగ్రాం ఉందట, చోటు చూసుకోవడానికి వచ్చాడు. పాస్టరుగారు పిలిస్తే తెలుగు ఆరాధనకి వస్తానన్నాడు. దోహాలోని చర్చిలన్నీ మెసైమీర్‌లో ఒకే ప్రహరీలో ఉంటాయి. హాళ్ళు తక్కువ, సంఘాలు ఎక్కువ. తెలుగువాళ్ళకి రెండు గంటలు, తర్వాత అదే హాలు మలయాళంవాళ్ళకి. జక్కయ్య తప్ప రిచర్డ్ కాలంనాటి మనుషులు సంఘంలో ఒక్కరూ లేరు. గల్ఫు సంఘం కదా, వీసాలతో పాటే మనుషులూ మారిపోతారు.

జక్కయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గంట ముందే వెళ్ళి నడవాలో నిలబడ్డాడు. రిచర్డ్ చూసిన మరుక్షణం "బాబాయ్!" అంటూ వచ్చి కావలించుకున్నాడు. నాటకం కాదది, ప్రేమగానే పట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చూశాడు.

"అయ్యో! ఏమైంది బాబాయ్?"

"రంపం. ఆరేళ్ళయింది." జక్కయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మూడో పాట చివర్లో నా గొంతుండాలి. ఏది?"

రిచర్డ్ బూట్లు చూసుకున్నాడు. "క్లైడ్ గారి అమ్మాయి పంపింది బాబాయ్ ఆ డిస్కు. కవరు మీద నా పేరే ఉంది. మీరే కదా రాయమన్నారు. నేను వద్దన్నాను కూడా."

"అన్నావు. కాదనను. గొంతు ఎందుకు కోశావు?"

"ఇంటర్వ్యూల్లో మాండొలిన్ గురించే అడుగుతున్నారు. మొదటిసారి చెప్పలేకపోయాను, రెండోసారి చెప్పడానికి లేకుండా పోయింది. ఇప్పుడు నిజం చెబితే ఎన్ని మార్చాలో మీకు తెలీదు..."

"ఏమీ మార్చొద్దు. ఆ అట్ట మీద పేరు కూడా నువ్వే ఉంచుకో. నా కూతురు నమ్మితే చాలు. ఇవాళ ఆరాధన ఫోన్‌లో లైవ్ చూస్తుంది. నీ నోటితో ఒక్క ముక్క చెప్పు."

రిచర్డ్ ఆ మూడు వేళ్ళనీ రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. "చెబుతాను బాబాయ్. ఆరాధనలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి కదా, అందులో మీ పేరు చెబుతాను. అందరి ముందూ."

జక్కయ్య జాయ్స్‌కి మెసేజ్ పెట్టాడు: "లైవ్ చూడమ్మా. తప్పకుండా చూడు." మూడో వరుసలో కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒళ్ళు తేలికైంది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు గడియారం చూసుకుంటూ రిచర్డ్‌ని పిలిచారు. ముందు వరుసలో ఒకామె లైవ్ కోసం ఫోనెత్తి పట్టుకుని ఉంది. రిచర్డ్ మైకు తీసుకున్నాడు. చదువు అబ్బక, ఉద్యోగం నచ్చక, ఈ దేశంలో ఎంత ఏడ్చాడో చెప్పాడు. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు.

"ఆ ఎడారిలో దేవుడు నాకొక మనిషినిచ్చాడు," అన్నాడు. "జక్కయ్య బాబాయ్. ఇక్కడే ఉన్నారు. లేవండి బాబాయ్!"

జక్కయ్య లేచాడు. చప్పట్లు.

"వడ్రంగి. మన ప్రభువు చేసిన పనే చేసేవారు. ప్రతి శుక్రవారం నాతో ఐన్ ఖాలిద్‌కి వచ్చేవారు. నేను మాండొలిన్ నేర్చుకుంటుంటే ఓ మూల కూర్చుని నాకోసం ప్రార్థన చేసేవారు. నేను వాయిస్తుంటే ఆయన కళ్ళమ్మట నీళ్ళు. ఈ రోజు మీరు వింటున్న ఆ మాండొలిన్ వెనక ఈ పెద్దాయన ప్రార్థన ఉంది. అవునా బాబాయ్?"

ఇచ్చిన మాట తప్పలేదు. పేరు చెప్పాడు, అందరి ముందూ చెప్పాడు.

జక్కయ్య ఊరుకోలేదు. పద్నాలుగేళ్ళుగా రోజూ పొద్దున సైట్‌లో పని మొదలయ్యే ముందు మీటింగు పెడతారు. చెప్పాల్సింది ఉన్నవాడు చెయ్యి ఎత్తాలి. ఎత్తితే ఇంజినీరైనా సరే మాట ఆపి వింటాడు. ఒంటికి పట్టిన ఆ అలవాటే లేచింది. కాదు, నేనొక మాట చెప్పాలి అని జక్కయ్య ఎడమ చెయ్యి పైకెత్తాడు.

రెండు వేళ్ళు లేని ఆ చెయ్యి గాల్లో చూసి ముందు వరుసలో ఆమె బోరుమంది. "స్తోత్రం!" అని కేకేసి తనూ చెయ్యెత్తింది. పక్కామె ఎత్తింది. క్షణంలో హాలు హాలంతా చేతులు. "హల్లెలూయా!" రిచర్డ్ కళ్ళు మూసుకుని తన చెయ్యి కూడా ఎత్తాడు.

"అది కాదండీ," అన్నాడు జక్కయ్య. "ఒక్క నిమిషం, నేను చెప్పేది..."

కీబోర్డు అందుకుంది. రెండొందల గొంతులు పాట ఎత్తుకున్నాయి. పాస్టరుగారు అతని వైపు ఆప్యాయంగా నవ్వి, గడియారం చూపించి, తలుపు చూపించారు. తలుపు బయట మలయాళం సంఘం బైబిళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ముగింపు ప్రార్థన అరనిమిషంలో అయిపోయింది. ఎవరెవరో వచ్చి జక్కయ్య చెయ్యి పట్టుకుని ఊపారు. మీ సాక్ష్యం మాకు ఎంతో ఆదరణ బ్రదర్, అన్నారు. ఏ సాక్ష్యం అని అడగాలనిపించింది.

ఫోను మోగింది. జాయ్స్.

"నాన్నా, మొత్తం చూశాను. అన్న నీ పేరు చెప్పాడు! నువ్వు చెయ్యెత్తితే నాకు ఏడుపు ఆగలేదు." గొంతు తగ్గించింది. "ఆ రోజు నువ్వన్న మాట నేనెవరికీ చెప్పలేదులే. మా ఆయనకి కూడా. ఒక్కడివే ఉంటే అలాంటివి అనిపిస్తాయి నాన్నా, నాకు తెలుసు. ఇంటికొచ్చెయ్, అన్నీ సర్దుకుంటాయి."

చెప్పొచ్చు. మళ్ళీ మొదటినుంచీ చెప్పొచ్చు. కానీ ఇందాక చెయ్యెత్తిన నాన్నని చూసి ఏడ్చిన పిల్లకి, ఆ చెయ్యి కాదనడానికే ఎత్తానని చెబితే ఆ మెత్తటి గొంతు మళ్ళీ వినాలి. అది వినే ఓపిక అతనికి లేదు.

"ఇంకోటి నాన్నా. పాపకి ఆ మూడో పాట పెడితే తప్ప నిద్ర పట్టట్లేదు. ఎంత ఏడుస్తున్నా మాండొలిన్ రాగానే నోరు మూసేస్తుంది. అన్న ఇంకా అక్కడే ఉన్నాడా? థ్యాంక్స్ చెప్పు, ప్లీజ్. మర్చిపోకు."

"చెబుతానమ్మా."

రిచర్డ్ గుమ్మం పక్కన ఫోటోలు దిగుతున్నాడు. చుట్టూ జనం. జక్కయ్య వరుసలో నిలబడి, తనకంటే ముందున్నవాళ్ళందరూ అయ్యేదాకా ఆగి, ఎదురుగా వెళ్ళాడు. రిచర్డ్ మొహం పాలిపోయింది. అయినా ఎవరో ఫోను గురిపెట్టగానే బాబాయ్ భుజం మీద చెయ్యేసి నవ్వాడు.

"రిచర్డూ," అన్నాడు జక్కయ్య, అందరికీ వినబడేట్టు. "మా మనవరాలు నీ మాండొలిన్ వింటేగానీ నిద్రపోవట్లేదంట. మా అమ్మాయి నీకు థ్యాంక్స్ చెప్పమంది."

ఫోటో ఇంకా తియ్యలేదు. భుజం మీది చెయ్యి తీసెయ్యడానికి లేదు. రిచర్డ్ నవ్వుతూనే ఉన్నాడు.